మూడు చెరువుల నీళ్లు తాగించిన మాట

తమ్ముడూ,

నువ్వు మీ సర్పంచ్ గారికి రాసిచ్చిన ప్రసంగం చూశాను. చదువుకోవడానికి బాగుంది. చిక్కల్లా అక్కడే. దాన్ని జనం చదవరు, వింటారు.

నీ మొదటి వాక్యం చూడు. ‘వరసగా వచ్చిన కరువులతో అల్లాడి, పిల్లల్ని చదివించుకోలేక, వలసపోయి తిరిగొచ్చిన రైతులకు...’ అంటూ నాలుగు లైన్లు నడిచాక గానీ క్రియ రాలేదు. మన భాషలో అసలు సంగతి చివర్లో ఉంటుంది కదా. కాగితం మీదైతే కన్ను వెనక్కెళ్లి చూసుకుంటుంది, చెవికి ఆ వెసులుబాటు లేదు. ఆ రైతులకు ఏం చేస్తారో తేలేలోపు వెనక వరసవాళ్లు పల్లీలు కొనుక్కోవడానికి లేస్తారు. ముక్కలు చెయ్యి. ‘కరువొచ్చింది. పిల్లల చదువులు ఆగాయి. ఊరు వదిలి వెళ్లారు. ఇప్పుడు తిరిగొచ్చారు.’ ఎక్కడికక్కడ అర్థమైపోతుంది.

నేనూ చేశాను ఇలాంటి ఘనకార్యం. ఒక పెద్దాయన సన్మానానికి జవాబు రాసిస్తూ ‘కృతజ్ఞతాభివందనపూర్వకంగా’ అని పెట్టాను. రాసినప్పుడు ఎంత మురిసిపోయానో! ఆ మాట ఆయన్ని మూడు చెరువుల నీళ్లు తాగించింది. మూడుసార్లు కుస్తీ పట్టి, కళ్లజోడు తీసేసి, ‘అదేనండీ, అందరికీ దండాలు’ అని కూర్చున్నారు. చప్పట్లన్నీ ఆ దండాలకే. అప్పట్నుంచి ఎవరికి రాసినా ముందు ఓ పూట వాళ్ల కబుర్లు వింటాను. వాళ్ల నోట్లో తిరగని మాట కాగితం మీద పెట్టను.

అంకెలు కూడా అంతే. 2,73,416 అని రాస్తే మైకు ముందు టెన్షనే. ‘రెండు లక్షల డెబ్బై వేల పైచిలుకు’ అని అక్షరాల్లో రాసెయ్యి.

కాగితం లేకుండా మాట్లాడేవాళ్లే అసలైన వక్తలు కదా అన్నావు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ‘నాకొక కల ఉంది’ అన్న భాగం ఆయన చేతిలోని ప్రతిలో లేదు. దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ ‘ఆ కల గురించి చెప్పు మార్టిన్’ అని కేకేసిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. అందరూ కథ ఇక్కడితో ఆపేస్తారు. కానీ అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్ సభలోనూ ఆయన ఆ కల గురించి మాట్లాడారు. అప్పటికే నోట్లో నలిగిన మాటలవి. అందుకే కాగితం వదిలేసినా తడబడలేదు. అన్నట్టు, ఆ ప్రసంగం చిత్తుప్రతి రాయడంలో చెయ్యి వేసిన క్లారెన్స్ జోన్స్ పేరు ఎంతమందికి తెలుసు? మన పని అంతే, అలవాటు చేసుకో.

సభ ఆదివారమే అన్నావు. శనివారం సాయంత్రం సర్పంచ్ గారి చేత రెండుసార్లు పైకి చదివించు. ఊపిరి ఎక్కడ అందలేదో అక్కడ పెన్నుతో గీత పెట్టు. ఆ కాగితం ఫొటో తీసి రాత్రికే నాకు పంపు, మేలుకునే ఉంటాను.

మీ అన్నయ్య