పేరు మార్చాలా, ‘పునర్నామకరణం’ చేయాలా?

ప్రశ్న: మా గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల స్కాన్లు సర్దుతున్నాం. ఒకే డైరెక్టరీలో ఆరువందల దాకా ఫైళ్లున్నాయి, పేర్లన్నీ తెలుగులోనే. వాటిని ఒక తీరుకు తెచ్చే పైథాన్ స్క్రిప్టు, దానిని నడిపేవారికి ఒక సూచనల పత్రం తయారుచేస్తున్నాం. రీనేమ్ అన్నచోట ‘పునర్నామకరణం’ అనాలా, ‘పేరు మార్చు’ సరిపోతుందా? ఫైల్స్, ఫైళ్లు, ఫైళ్ళు – వీటిలో ఏది ఒప్పు? ఇంకొకటి: ‘హైదరాబాద్ 1926’ అన్న ఫైలు కళ్లముందే కనిపిస్తున్నా స్క్రిప్టు మాత్రం అలాంటిది లేదంటోంది. తప్పు మా తెలుగుదా, యంత్రానిదా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాదు

సమాధానం: వ్యాకరణం వరకే చూస్తే ‘పునర్నామకరణం’లో దోషం లేదు. ‘పునః’ చివరి విసర్గ అసలు రేఫమే కాబట్టి నకారం ముందు అది ‘ర్’గా నిలిచింది. పేచీ అర్థంతోనే. నామకరణం అంటే పేరు లేనివారికి మొదటిసారి పేరు పెట్టడం, అందులోనూ ఒక సంస్కారం. కంప్యూటరులో పేరు లేకుండా పుట్టే ఫైలు ఉండదు. దానికి ఉన్న పేరు తీసి వేరే పేరు పెడుతున్నాం, అంతే. ‘పేరు మార్చు’ చాలు. నాలుగక్షరాల పనికి ఏడక్షరాల మాట ఎందుకు?

అయితే ‘మార్చు’తో ఒక చిక్కుంది. గుడి దగ్గర చెప్పులు మారాయంటే చెప్పుల రూపం మారిందని ఎవరూ అనుకోరు. ఒకరివి ఒకరికి వెళ్లాయని అర్థం. అలాగే ‘ఈ రెండు ఫైళ్ల పేర్లు మార్చండి’ అంటే చదివేవారికి రెండు అర్థాలు తోస్తాయి. ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టడమే మీ ఉద్దేశమైతే ‘తారుమారు చేయండి’ అని రాయండి. ఆ పని చేసేటప్పుడు మూడో పేరు తప్పనిసరి: ‘ముందు’ను ‘తాత్కాలికం’ చేసి, ‘వెనక’ను ‘ముందు’ చేసి, ఆ తరవాత ‘తాత్కాలికం’ను ‘వెనక’ చేయాలి. నేరుగా ‘ముందు’కు ‘వెనక’ అని పేరు పెట్టబోతే, లినక్సులో పైథాన్ ఆజ్ఞ ఓఎస్.రీనేమ్ అప్పటికే ఉన్న ‘వెనక’ను ఒక్క మాటైనా చెప్పకుండా చెరిపేస్తుంది. విండోస్‌లో అదే ఆజ్ఞ ‘ఫైలు ముందే ఉంది’ అంటూ ఆగిపోతుంది. ఓఎస్.రిప్లేస్‌కు ఆ మొహమాటం ఎక్కడా లేదు, రెండు చోట్లా చెరిపేస్తుంది.

‘మార్చు’, ‘తరలించు’ మనకు వేర్వేరు మాటలు, యంత్రానికి రెండూ ఒకే పని. కొత్త పేరులో ఏటవాలు గీత పడితే, ఉదాహరణకు ‘సంపుటి 1/2’ అని రాస్తే, గీతకు ముందున్నది డైరెక్టరీ పేరని అది అనుకుంటుంది. ఆ పేరుతో డైరెక్టరీ లేకపోతే తప్పు చూపుతుంది. ఉంటే ఫైలు పేరు మారడమే కాక అందులోకి వెళ్లి కూర్చుంటుంది. సంపుటి, సంచికల మధ్య అడ్డగీత వాడండి.

పని అయ్యాక తెరమీద కనిపించే మాట సంగతి. ‘పేరు విజయవంతంగా మార్చబడింది’ అని రాయకండి. తెలుగులో ‘మార్చు’కు పక్కనే ‘మారు’ ఉండగా ‘బడు’ను మోయించడం దేనికి? ‘పేరు మారింది’ అంటే విజయం అందులోనే ఉంది. లెక్క చెప్పేటప్పుడు మాత్రం స్క్రిప్టులో రెండు వాక్యాలు వేర్వేరుగా ఉంచుకోవాలి: ఒకటైతే ‘ఒక ఫైలు పేరు మారింది’, ఎక్కువైతే ‘12 ఫైళ్ల పేర్లు మారాయి’. ఒకే వాక్యంలో అంకె అతికిస్తే ‘1 ఫైళ్ల పేర్లు మారాయి’ అని వస్తుంది. విభక్తులతోనూ ఇదే తంటా. రాతలో ఇ, ఈ చివర ఉన్న మాటకు ‘కి, ని’, మిగిలినవాటికి ‘కు, ను’ వస్తాయి. పేరు ఏ అచ్చుతో ముగుస్తుందో స్క్రిప్టుకు ముందుగా తెలియదు. పైగా చివర ‘పీడీఎఫ్’ లాంటి తోక ఒకటి ఉంటుంది. అందుకని విభక్తిని పేరుకు తగిలించకుండా ‘... అనే ఫైలుకు’ అని రాస్తే ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు.

ఇక బహువచనం. రైలు – రైళ్లు, కాలు – కాళ్లు, వేలు – వేళ్లు. ఆ వరసలోనే ఫైలు – ఫైళ్లు. మాటల్లో ‘ఫైల్స్’ అంటే తప్పుపట్టనక్కర లేదు గాని, ‘ఫైల్స్‌లు’ మాత్రం వద్దు, బహువచనం మీద బహువచనం. ఫోల్డరు – ఫోల్డర్లు. డైరెక్టరీ – డైరెక్టరీలు. ‘దస్త్రం’ అన్నా మంచి మాటే, తెలుగు వికీపీడియాలో ఫైలు పేర్ల ముందు ఉండేది అదే. స్క్రిప్టును ‘లిపి’ చేయకండి. తెలుగు లిపిలో పేర్లున్న ఫైళ్లను స్క్రిప్టు మారుస్తుందని చెప్పాల్సి వచ్చినప్పుడు రెండు లిపులతో సతమతమవుతారు.

‘ళ్లు’, ‘ళ్ళు’ రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ ఒప్పే. అచ్చులో ఏదైనా పాఠకుడు చదువుకుంటాడు. ఫైలు పేరులో మాత్రం ఏదో ఒకదానికే కట్టుబడాలి. యంత్రం దృష్టిలో ల, ళ రెండు వేర్వేరు అంకెలు. ‘పెళ్లి పాటలు’ను వెతికితే ‘పెళ్ళి పాటలు’ దొరకదు. ‘గోలకొండ’, ‘గోల్కొండ’ కూడా అంతే. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన ‘గోలకొండ పత్రిక’ స్కాన్లు మీ దగ్గర ఉంటే, కొన్ని ఫైళ్లు ఒక రకంగా, కొన్ని ఇంకో రకంగా ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటివాటిని ఏ సిద్ధమైన ఫంక్షనూ కలపలేదు. ‘ఈ రూపం కనిపిస్తే ఆ రూపం పెట్టు’ అనే చిన్న పట్టిక చేత్తో రాసి స్క్రిప్టుకు ఇవ్వాలి. ఏ రూపం ఉంచాలో తేల్చుకోవడానికి ముఖపత్రం మీది అక్షరాలే ప్రమాణం.

మీ మూడో సందేహం వీటికంటే లోతైనది, ఎందుకంటే ఇక్కడ తేడా కంటికి ఆనదు. ‘హైదరాబాద్’ అన్న ఒక్క మాటలోనే రెండు మాయలు దాగే చోట్లున్నాయి.

మొదటిది ఐత్వం. ప్రతి అక్షరానికీ ఒక సంకేతమిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వానికి 0సి48 అనే సొంత సంకేతం ఉంది. దానినే ఎత్వం 0సి46, దాని కింది ఐత్వపు గుర్తు 0సి56 అని రెండుగా విడదీసీ రాయవచ్చు; ప్రమాణం ప్రకారం రెండూ సమానమే. తెలుగు అచ్చు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. మన దురదృష్టం కొద్దీ అది హైదరాబాదులోనూ ఉంది, ఫైలులోనూ ఉంది, పైథాన్‌లోనూ ఉంది! మ్యాక్ కంప్యూటర్ల పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచుకునేది. ఆ డిస్కు నుంచి తెచ్చి లినక్సు మీదో విండోస్ మీదో పెడితే, మీరు కీబోర్డు మీద కొట్టిన ‘హై’ వేరు, డిస్కు మీదున్న ‘హై’ వేరు. ఒకే డైరెక్టరీలో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న రెండు పేర్లు పక్కపక్కన కనిపించాయంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

రెండోది పొల్లు తరవాత వచ్చే కనిపించని అక్షరం, 200సి. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు దకారానికి లావత్తు పడకుండా ఆపేది ఇదే, అక్కడ దానికి పనుంది. కొన్ని కీబోర్డులు పొల్లు పడగానే దీన్ని తామే చేర్చేస్తాయి. అప్పుడు ‘హైదరాబాద్’ తరవాత ఖాళీయో చుక్కో వచ్చినా అది అక్కడే ఉండిపోతుంది. పనీ లేదు, రూపమూ లేదు.

ఏది దాగిందో పట్టుకోవడం తేలిక. ‘హైదరాబాద్’ పొడవు ఎంతని లెన్ ఫంక్షనును అడగండి. మామూలుగా 9 రావాలి. ఐత్వం విడిపోతే 10, చివర కనిపించని అక్షరం ఉన్నా 10, రెండూ ఉంటే 11. పది వస్తే కారణం ఏదో తెలియదు కాబట్టి ఆస్కీ ఫంక్షనుతో అచ్చువేయిస్తే ప్రతి అక్షరం సంకేతమూ బయటపడుతుంది. మందు కూడా రెండు రకాలు. యూనికోడ్‌డేటా మాడ్యూలులోని నార్మలైజ్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మారిస్తే ఐత్వం ఒక్కటవుతుంది. కాని అది 200సిని ముట్టుకోదు. దాన్ని విడిగా తీయాలి, అదీ మాట చివర ఉన్నప్పుడే. అన్నిచోట్లా తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతుంది.

అసలు పొల్లే లేకపోతే ఈ రెండో గొడవ లేదు. హైదరాబాదు, హైదరాబాదులో, సుల్తాను బజారు, సాఫ్టువేరు. బస్సును, కారును, రైలును ఉకారంతో కలుపుకొన్న భాష ఇది. ‘హైదరాబాదు’ పాతకాలపు రాత అని మొహం చిట్లించేవారున్నారు. పుస్తకంలో మీ ఇష్టం, ఫైలు పేరులో మాత్రం అచ్చుతో ముగిసే రూపమే (అజంతమే) క్షేమం. మీరు అడిగారు కనుక చెప్పాలంటే, తప్పు మీ తెలుగుదీ కాదు, యంత్రానిదీ కాదు. ఆ పేరు కొట్టిన కీబోర్డుదో, ఫైలు దాటివచ్చిన డిస్కుదో.

ఇంకో ప్రమాదం గురించి మీరు అడగలేదు గాని, ఆరువందల ఫైళ్ల మీద స్క్రిప్టు నడిపేవారికి అది తెలియాలి. పేర్లను శుభ్రం చేయడానికి ఇంగ్లీషు పాఠాల్లో చూపే ఒక చిట్కా ఉంది: ‘అక్షరం గాని అంకె గాని కానిదాని స్థానంలో కిందిగీత పెట్టు’. పైథాన్‌లో నమూనాలను బట్టి అక్షరాలను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల దృష్టిలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు. ఆ చిట్కా వాడితే ‘తెలుగు’ ‘త_ల_గ_’ అవుతుంది, ‘హైదరాబాదు’ ‘హ_దర_బ_ద_’ అవుతుంది. ‘కలం’, ‘కలి’ లాంటివి రెండూ ‘కల_’ అయి కలిసిపోతాయి. తీసేయాల్సిన గుర్తులను ఒక్కొక్కటిగా పేర్కొనండి, మిగిలినవాటి జోలికి పోవద్దు. పేరును ఇన్ని అక్షరాలకు కోయమనడమూ ఇలాంటిదే. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం, పైథాన్‌కు ఆరు. మూడుకు కోస్తే ‘స్త’ మిగులుతుంది. లినక్సు ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది కాబట్టి మొత్తం 85 సంకేతాలకు మించి పట్టవు. పాత పుస్తకాల సంస్కృత సమాసాల శీర్షికలకు ఇది త్వరగానే అడ్డం వస్తుంది.

విసర్గకు బదులు కోలన్ కొట్టే అలవాటు అచ్చులో అక్షరదోషమే, విండోస్‌లో ఫైలు నష్టం. ‘అంత:పురం’ అని కోలన్‌తో పేరు మార్చబోతే ఒప్పుకోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద అదే పేరుతో స్క్రిప్టు కొత్త ఫైలు రాస్తే, సున్నా బైట్ల ‘అంత’ ఒకటి కనిపిస్తుంది, రాసిన సరుకంతా దాని వెనక కనిపించని అరలోకి పోతుంది. సున్న బదులు తెలుగు అంకె సున్నా (౦) కొట్టినవీ ఉంటాయి. ‘గ౦ట’, ‘గంట’ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియవు. అంకెకు అటూ ఇటూ అంకెలు లేకుండా అక్షరాలుంటే అది సున్న అని తేల్చవచ్చు.

వరస గురించి రెండు మాటలు. సార్టెడ్ ఫంక్షను సంకేతాల క్రమంలో పేరుస్తుంది. అందులో ళ, ల పక్కనే వకారానికి ముందు ఉంటుంది. మన వర్ణమాలలో ళ హకారం తరవాతది. కాబట్టి ‘కళ’ ‘కవనం’ కంటే ముందు వస్తే కంగారుపడకండి. సంచికల అంకెలు మాత్రం దిద్దాలి, లేకపోతే 10 వచ్చి 2కు ముందు కూర్చుంటుంది. 02, 03 అని రెండు స్థానాలు నింపండి. పాత ఫైళ్లలో తెలుగు అంకెలుంటే, ముందు సున్నాలు చేర్చే జెడ్‌ఫిల్ నేరుగా వాడకండి, ‘0౨’ అనే సంకరం పుడుతుంది. ఇంట్ ఫంక్షను ‘౧౨’ను చక్కగా 12 అని చదువుతుంది, ముందు దానిచేత చదివించి ఆ తరవాత సున్నా చేర్చండి.

ఆరువందలూ ఒకేసారి మార్చకుండా, ముందు జాబితా మొత్తం తీసి పాత పేరు, కొత్త పేరు జంటలు తయారుచేయండి. డైరెక్టరీని చదువుతూనే మారుస్తూ పోతే మారిన పేరు మళ్లీ ఎదురుకావచ్చు. రెండు పాత పేర్లకు ఒకే కొత్త పేరు వచ్చిందేమో చూడండి. ఐత్వాలు కలిపినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. జంటలను ఫైలులో రాసేటప్పుడు ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి, ఎక్సెల్‌లో తెరిచేదైతే ‘యూటీఎఫ్-8-సిగ్’. తెలుగు పిచ్చిగీతలు కాకుండా ఉంటుంది.

మీ సూచనల పత్రంలో ఆ భాగం ఇలా రాసుకోవచ్చు: ‘ముందు స్క్రిప్టును పరీక్షగా నడపండి. పాత, కొత్త పేర్ల జాబితా కనిపిస్తుంది, ఫైళ్లు మాత్రం మారవు. ఒకే కొత్త పేరు రెండుసార్లు కనిపిస్తే అక్కడే ఆగి, ఆ రెండు ఫైళ్లనూ తెరిచి చూడండి. జాబితా సరిగా ఉంటే పేర్లు మార్చండి. పాత పేర్ల జాబితాను పారేయకండి.’