మక్కచేన్లో పురుగు పడితే ప్రపంచానికేం?

"మా మహబూబ్‌నగర్ చేన్లో పురుగు పడితే ప్రపంచం తిండికేం నష్టం?" అని ఒకరు అడిగారు. ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) అంచనా ప్రకారం ఏటా ప్రపంచ పంటలో 40 శాతం దాకా చీడపీడలకే పోతోంది. పురుగుకు సరిహద్దుల్లేవు కదా!

కత్తెర పురుగునే చూడండి. పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో బయటపడింది, 2018లో కర్ణాటకలో. ఆ ఏడే మన మక్కలోకీ దిగింది.

పొద్దున్నే మక్క మొవ్వ (నడిమి లేత ఆకుల సుడి) విప్పండి. రంపపు పొట్టులాంటి పెంట, దాని కింద, తల మీద తలకిందులైన 'వై' గుర్తుతో పురుగు. అది ముదిరి మొవ్వలో దూరాక పైన ఎంత మందు కొట్టినా దానికి సరిగా తగలదు. అందుకే ఆకుపై గుడ్లు కనబడగానే నలిపేయడం మేలు, పైగా ఖర్చు లేని పని.

మక్క తగ్గితే కోళ్ల దాణా పిరమవుతుంది. ఆ వెనకే గుడ్డు ధర.