లెవోడోపా మాత్ర, ఊహించిన పిడికిలి: బీఫార్మసీ తర్వాత మెదడు పరిశోధనకు దారి

ప్రశ్న: నేను గుంటూరులో బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పార్కిన్సన్స్ ఉన్న మా తాతయ్య లెవోడోపా వేసుకున్న ముప్పావుగంటకు చొక్కా గుండీలు తానే పెట్టుకోగలుగుతారు. ఆ మాత్ర మెదడులో ఏం చేస్తుందో పరిశోధించాలని ఉంది. తర్వాత ఏం చదవాలి?

సమాధానం: మెదడులో డోపమిన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించినప్పుడు కదలిక మందగిస్తుందని, లెవోడోపా మెదడులోకి చేరి డోపమిన్‌గా మారుతుందని మీరు ఫార్మకాలజీలో చదివే ఉంటారు. అయితే మాత్ర వేసుకున్నాక మెదడులో కనిపించే మార్పు నేరుగా మందు వల్ల వచ్చిందా, లేక చెయ్యి చురుగ్గా కదలడం వల్ల వచ్చిందా అన్నది తేల్చడం కష్టం. అందుకే పరిశోధకులు రోగిని ఒకసారి పిడికిలి బిగించమని, మరోసారి చెయ్యి కదపకుండా బిగించినట్టు ఊహించుకోమని అడిగి, మందు ప్రభావం లేనప్పుడూ ఉన్నప్పుడూ ఈఈజీతోనో (తల మీది ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పద్ధతి) ఎఫ్ఎంఆర్ఐతోనో (మెదడులో రక్తప్రవాహ మార్పులను చూపే స్కాన్) మెదడును పరిశీలిస్తారు. కదలికను కేవలం ఊహించుకున్నా కదలికలకు ప్రణాళిక వేసే సప్లిమెంటరీ మోటార్ ఏరియా అనే మెదడు భాగం పనిచేస్తుంది, 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఉండే బీటా తరంగాల బలం తగ్గుతుంది. ఊహించుకునేటప్పుడు చెయ్యి నిజంగానే కదలలేదని రూఢి చేసుకోవడానికి ముంజేతి కండరాల మీదా ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. ఈ జాగ్రత్త నాకెంతో నచ్చుతుంది.

మందుల సంగతి మీకు తెలుసు, తరంగాలను లెక్కగట్టడం ఇంకా నేర్చుకోవాలి. కాబట్టి స్టాటిస్టిక్స్, పైథాన్ ప్రోగ్రామింగ్ ఈ ఏడాదే మొదలుపెట్టండి. 109 మంది వాలంటీర్లు పిడికిలి బిగించినప్పుడూ, బిగించినట్టు ఊహించుకున్నప్పుడూ తీసిన ఈఈజీ రికార్డులు ఫిజియోనెట్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మందు ప్రస్తావన లేకపోయినా, బీటా తగ్గుదలను మీ చేతులతో మీరే గ్రాఫు గీసి చూసుకోవచ్చు.

ఫార్మసీ పీజీ అర్హత పరీక్ష జీప్యాట్‌తో పాటు నైపర్ ప్రవేశ పరీక్ష కూడా రాసి, జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో ఎం.ఎస్. ఫార్మకాలజీ చేయడం మంచి దారే గానీ, అక్కడి పని ఎక్కువగా కణాలు, ఎలుకల స్థాయిలో ఉంటుంది. మనుషుల మెదడునే చూడాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, హరియాణాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ, బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రవేశ ప్రకటనలను గమనిస్తూ ఉండండి. నా సలహా ఈ రెండో దారికే. పీజీ, పీహెచ్‌డీ కలిపి ఆరేడేళ్లు పట్టవచ్చు కాబట్టి ఇంట్లో ముందే చెప్పి ఒప్పించండి.

ఈలోగా తాతయ్య మాత్ర వేసుకున్న వేళ, పప్పో గుడ్డో తిన్న వేళ, గుండీలు పెట్టుకోగలిగిన వేళ ఒక నోటుబుక్కులో రాయండి, ఎందుకంటే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న భోజనం లెవోడోపా ప్రభావాన్ని తగ్గించవచ్చు. మోతాదును మాత్రం మీరు మార్చకండి; ఆ పుస్తకాన్ని న్యూరాలజిస్టుకు చూపించండి.