కొబ్బరిచెట్ల కింద నేల కప్పే మొక్కలు వేసేముందు

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

కొబ్బరిచెట్ల మధ్య పదడుగుల చదరంలో గ్రౌండ్ కవర్ వేద్దామనుకుంటున్నానని రాశావు. నర్సరీల్లో పొట్టిగా ఉన్న ప్రతి మొక్కనీ ఆ పేరుతో అంటగడతారు. నువ్వు ఎత్తు కంటే పాకే గుణం చూసుకో. కొమ్మ నేలకి ఆనిన చోటల్లా కణుపు దగ్గర వేరు దిగాలి, అప్పుడే సందు లేకుండా అల్లుకుని మట్టిని మూసేస్తుంది. కొనేముందు ఒక కొమ్మ పైకెత్తి చూడు. కణుపు కింద తెల్లటి వేరు మొనలు కనిపిస్తే తెచ్చుకో.

మీ చోటికి నేనైతే అరాకిస్ వేస్తాను. అచ్చం వేరుశనగ ఆకే, పసుపు పూలు, సగం నీడకి ఓర్చుకుంటుంది. అదే జాతి కాబట్టి గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టుకుంటుంది. అందుకే దానికి యూరియా వెయ్యకు, వేస్తే బాగుపడేది పక్కనున్న గడ్డి. బోరు నీళ్లు పారి ఎప్పుడూ తడిగా ఉండే మూల సరస్వతి ఆకు పెట్టు, పచ్చడికీ పనికొస్తుంది. నాచుపూలకి రోజంతా ఎండ కావాలి, మీ దగ్గర పూయవు. గరిక కూడా ఆ నీడలో పలచబడిపోతుంది. పసుపు పూలు పూసే పాకుడు మొక్క వెడీలియా మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. తుంచి పారేసిన ముక్క కూడా నాటుకుని కాలవగట్లెక్కుతుంది. ప్రపంచంలోని వంద చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది.

అసలు కష్టం మొక్కలు నాటడంలో లేదు, తుంగతో ఉంది. నేల కప్పే మొక్కలు ఉన్న కలుపుని చంపలేవు. శుభ్రం చేసిచ్చిన నేలని శుభ్రంగా ఉంచుతాయి, అంతవరకే. తుంగని పైన పట్టుకుని లాగితే ఆకు చేతికొస్తుంది, నేరేడు గింజంత నల్లటి గడ్డ లోపలే ఉండిపోతుంది. ఒక్కో గడ్డ నుంచి దారంలాంటి వేరు ఇంకో గడ్డకి పోతుంది. రోటవేటర్ తిప్పించావో, ఆ గొలుసు తెగి ముక్కముక్కా మొలుస్తుంది. గునపంతో జానెడు లోతు పెళ్లగించి గడ్డల్ని చేత్తో ఏరాలి. తరవాత నీళ్లు పెట్టి మూడు వారాలు ఊరుకో. మిగిలినవి తలెత్తుతాయి, మళ్లీ తవ్వి తియ్యి. ఈ రెండో విడత చాలామంది ఎగ్గొడతారు. వచ్చే ఏడాది అరాకిస్ మధ్యలోంచి తుంగ లేచాక దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆ చదరానికి బాగా మాగిన పశువుల ఎరువు నలభై కిలోలు చాలు. పచ్చి పేడైతే గడ్డి గింజలు, చెదలు వెంట వస్తాయి. తొలకరి పడ్డాక అరాకిస్ కొమ్మల్ని నాలుగు కణుపుల ముక్కలుగా కోసి, కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ కణుపులు మట్టిలో ఉండేలా తొమ్మిదంగుళాల ఎడంలో నాటు. వరస తప్పించి నాటితే వాన నీళ్లు మట్టిని కోసుకుపోవు. సుమారు నూట ఎనభై ముక్కలు పడతాయి. అడుగు ఎడమైతే నూరు సరిపోతాయి గానీ మూసుకోవడం ఆలస్యమై ఆ సందుల్లో కలుపు మొలుస్తుంది. కొనేది పాతిక కుండీలు చాలు, గుబురుగా ఉంటే ఒక్కో దానిలో ఏడెనిమిది ముక్కలు వస్తాయి.

మొదటి రెండు మూడు నెలలు వారానికోసారి కూర్చుని కలుపు తియ్యక తప్పదు. చెట్టు మొదలు చుట్టూ, ఇంటి గోడ పక్కన అడుగు మేర ఖాళీ వదులు. గోడదాకా పాకనిస్తే చెమ్మ పట్టి, జెర్రులు చేరతాయి. రాలిన కొబ్బరి మట్టలు రెండు రోజులకి మించి ఉంచితే కింద ఆకు పసుపెక్కి కుళ్లుతుంది. రోజూ నడిచే దారిలో రాతిపలకలు పరిపించు, అప్పుడప్పుడు తొక్కితే ఓర్చుకుంటుంది గానీ కాలిబాటకి ఆగదు. అంచుని నెలకోసారి పారతో నిలువుగా కోస్తూ ఉండు. ఆ ముక్కలు పారెయ్యకు, వేరు పట్టని చోట్ల అవే నాటుకోవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య