హోమ్ కేర్ పెట్టాలంటే ముందు యాప్ కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. ఆసుపత్రి ఉద్యోగం వద్దట. పెద్దవాళ్లకు ఇంటి దగ్గరే సేవలందించే చిన్న సంస్థ ఇక్కడే పెడతానంటోంది. యాప్ చేయించడానికి అప్పు తీసుకుందామంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆలోచనకు ఒప్పుకోండమ్మా, అప్పుకు మాత్రం ఇప్పుడే వద్దు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, తల్లిదండ్రులు మాత్రమే ఉంటున్న ఇళ్లు మీ చుట్టుపక్కలే కనిపిస్తాయి. వాళ్లకు కావలసింది యాప్ కాదు, నమ్మకంగా వచ్చే మనిషి. మొదట్లో ఫోను, వాట్సాప్ గ్రూపు చాలు.

కొత్తదనం చూపించాల్సింది సేవ అందించే పద్ధతిలో. పక్షవాతం వచ్చిన పెద్దాయన ఇంటికి ఏజెన్సీ ఒక ఆయాను పంపుతుంది. కొన్నాళ్లకు ఆమె మానేస్తే ఇంకొకరు వస్తారు. ఏ చెయ్యి బలహీనమో, అన్నం ఎంత మెత్తగా కలిపితే పొలమారదో, చివరిసారి ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టారో కొత్తామెకు చెప్పేవాళ్లుండరు. నడుం కింద చర్మం ఎర్రబడినా పట్టించుకోరు, అదే పుండవుతుంది. మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి మందులు, షుగర్, విరేచనం, పక్కకు తిప్పిన టైము రాయించండి. మీ అమ్మాయి వారానికోసారి వెళ్లి చూసి, ఆ పేజీ ఫొటో పిల్లలకు పంపాలి. నెల నెలా డబ్బు కట్టేవాళ్లకు ఇంతకు మించిన భరోసా ఉండదు.

నెదర్లాండ్స్‌లో యోస్ డి బ్లాక్ అనే నర్సు 2006లో బూర్ట్‌జోర్గ్ అనే హోమ్ కేర్ సంస్థను నలుగురు నర్సుల బృందంతో మొదలుపెట్టారు. అంతకుముందు ఇంజెక్షన్‌కు ఒకరు, స్నానానికి ఒకరు వచ్చేవాళ్లు. ఆయన ఒక ప్రాంతాన్ని పన్నెండు మందికి మించని ఒకే బృందానికి అప్పగించి, ఎవరెప్పుడు వెళ్లాలో వాళ్లనే నిర్ణయించుకోమన్నారు. ఆ సంస్థలో ఇప్పుడు వేల మంది నర్సులున్నారు. అక్కడ ఖర్చు బీమా భరిస్తుంది, ఇక్కడ కుటుంబమే పెట్టుకోవాలి. కాబట్టి ధర దగ్గర జాగ్రత్త. చాలా ఇళ్లకు ఇరవైనాలుగు గంటల మనిషి అక్కర్లేదు. పొద్దున ఇన్సులిన్, స్నానం, సాయంత్రం ఒకసారి బీపీ చూస్తే సరిపోతుంది. ఒకే పేటలో దగ్గర దగ్గర ఇళ్లు తీసుకుంటే ఒక మనిషి నాలుగైదు ఇళ్లు చూడగలదు. కుటుంబానికి భారం తగ్గుతుంది, ఆమెకూ మంచి జీతం ఇవ్వొచ్చు.

అయితే ముందు ఒక ఏడాదైనా ఆసుపత్రిలో చేయమనండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. ఇంట్లో ఊపిరి ఆడనప్పుడు పక్కన డాక్టరుండడు. ఆంబులెన్స్ ఎప్పుడు పిలవాలో వార్డు అనుభవమే నేర్పుతుంది. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి. డాక్టరు రాసివ్వనిదే సెలైన్ పెట్టకూడదు, ఇంజెక్షన్ చేయకూడదు, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే. సహాయకులుగా జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగుల రోజువారీ అవసరాలు చూసే సహాయకులు) శిక్షణ పొందినవాళ్లను, పోలీస్ వెరిఫికేషన్ చేయించాకే పెట్టుకోవాలి.

డబ్బు అవసరమైననాడు పీఎంఈజీపీ గురించి, అంటే చిన్న యూనిట్లు పెట్టుకునేవాళ్లకు సబ్సిడీతో అప్పు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం గురించి, బ్యాంకులో అడగండి. ఈ పథకంలో సేవారంగం యూనిట్ల ప్రాజెక్టు ఖర్చు 20 లక్షల వరకు ఉండొచ్చు. మహిళలకు పట్టణాల్లో 25 శాతం, పల్లెల్లో 35 శాతం సబ్సిడీ ఉంది. దరఖాస్తు చేసేనాటి నిబంధనలు అడిగి తెలుసుకోండి. ఈలోపు మీ పేటలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లను అమ్మాయి స్వయంగా కలిసి, రోజులో ఏ గంట కష్టంగా గడుస్తోందో అడిగి రాసుకోవాలి.