కొనేముందు వెనక్కి తిప్పి చూడు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. టోక్యోలో జింబోచోలో ఒక కొట్టులో జపాన్ చిత్రకారుడు హషిగుచి గోయో ప్రింటు, అంటే చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ, కనబడిందని, స్నానమయ్యాక ఒళ్ళు తుడుచుకుంటున్న స్త్రీ అని, ధర వింటేనే టెన్షన్ వచ్చిందని రాశావు. తొందరపడకు. రేపు పగటిపూట మళ్ళీ వెళ్ళి, ఫ్రేములోంచి తీసి చేతికిమ్మని అడుగు. అద్దం వెనక ఉన్నదాన్ని చూసి డబ్బు కట్టొద్దు.

చేతికొచ్చాక ముఖం సంగతి తర్వాత, ముందు భుజం చూడు. కిటికీ దగ్గర నిలబడి, వెలుతురు పక్కనుంచి పడేలా కాగితాన్ని కాస్త వంచు. ఈ బొమ్మల్లో ఒళ్ళంటే చాలామటుకు మల్బరీ నార కాగితమే, లేదంటే దానిమీద పొరలా అద్దిన లేత రంగు. శరీరాన్నంతా నిలబెట్టేది చుట్టూ ఉన్న సన్నటి గీత. చెర్రీ చెక్క మీద ఆ గీతకు అటూ ఇటూ ఉన్నదంతా తీసేసి, వెంట్రుకంత గట్టు మిగులుస్తాడు చెక్కేవాడు. మెడ దగ్గర జుట్టు మొదలయ్యేచోట చూడు, ఒక్కో పోగూ విడిగా తెలియాలి.

ఇప్పుడు వెనక్కి తిప్పు. వెదురు పొర చుట్టిన బిళ్ళతో, అంటే బరెన్‌తో, రుద్ది అచ్చు తీస్తారు కాబట్టి రంగు కాగితంలోకి ఇంకి వెనకవైపు కూడా తెలుస్తుంది. నేను ఈ పని చేయకుండానే ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి ఫ్రేము విప్పితే వెనకంతా తెల్లగా ఉంది. భూతద్దం పెడితే బొమ్మలో ఆమె వీపు నిండా ప్రెస్సు చుక్కలు, అంటే అది యంత్రం మీద అచ్చేసిన నకలు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇంకో మాట సూటిగా అడుగు: గోయో బతికుండగా తీసిందా, తర్వాతా? ఆయన 1921లో, నలభై ఏళ్ళకే పోయాడు. 1915లో వతనబె షోజబురో అనే ప్రచురణకర్త దగ్గర వచ్చిన మొదటి ప్రింటు ఆయనకే నచ్చలేదు. తర్వాత చెక్కేవాళ్ళనీ అచ్చేసేవాళ్ళనీ తనే పెట్టుకుని, పక్కన కూర్చుని చేయించాడు. అలా బతికుండగా వచ్చినవి మొత్తం పదిహేను కూడా లేవు. ఆయన పోయాక కుటుంబం ఇంకొన్ని అచ్చు వేయించింది. అవీ అందంగానే ఉంటాయి, కానీ ఆ ధర ఇవ్వక్కర్లేదు.

గోడకు పెడితే మీ అమ్మ ఏమంటుందో అని కదా నీ భయం! జపాన్‌లోనూ ఆ గొడవ జరిగింది. 1895లో క్యోతోలో ఒక ప్రదర్శనలో చిత్రకారుడు కురోదా సేకి నగ్న చిత్రం పెడితే పెద్ద రభస. 1901లో ఆయన మరో చిత్రానికి నడుము కింద గుడ్డ కట్టించారు పోలీసులు. ఆర్ట్ స్కూల్లో ఆ కురోదా నడిపిన విభాగంలోనే చదువుకున్నాడు గోయో. మోడల్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎన్నెన్ని స్కెచ్‌లు వేశాడో! అందుకే ఆ స్త్రీ మోకాలి మీద బరువు నిజంగా పడినట్టుంటుంది. మీ అమ్మకు ఆ మోకాలు చూపించు, నేనూ మాట్లాడతాను.

వీలుంటే ఇషికావా తోరాజి అనే ఇంకో చిత్రకారుడు 1934-35లో చేసిన పది నగ్న స్త్రీల వరస కూడా చూపించమను. ఆ రంగుల హుషారే వేరు. నాకు మాత్రం గోయో దగ్గరే మనసు ఆగుతుంది.

కొన్నాక ఎండ తగిలే గోడకు తగిలించకు, వెనక సెల్లోటేపు అంటించకు.

రేపు కొట్టులో ఉండగానే వెనకవైపు ఫోటో తీసి పంపు. ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

మీ అత్తయ్య