తిరుపతిలో 2021లో, కోవిడ్ కాలంలో, బడులు తెరిచినప్పుడు తల్లిదండ్రులు ఎందుకంత భయపడ్డారు?

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బడులు తెరిచింది ఆగస్టు 16న. అంతకు మూడు నెలల ముందు, మే 10 రాత్రి, రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా దెబ్బతిని, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ వార్త విన్న ఊరిలో పిల్లవాడి భుజానికి పుస్తకాల సంచి తగిలించడానికి ఎవరికైనా చేతులు రావు. పైగా పిల్లలకు అప్పటికి టీకా లేదు. 15 నుంచి 18 ఏళ్ల వారికి కూడా అది 2022 జనవరి 3న గాని మొదలు కాలేదు.

అయితే ఆ భయం కాస్త గురి తప్పింది. కోవిడ్ తీవ్రత వయసుతో పాటు పెరుగుతుంది. ఎక్కువ మంది పిల్లలకు జ్వరం, దగ్గుతో సరిపోయేది. అసలు చిక్కు ఇంట్లో ఉన్న తాతయ్యకు, నానమ్మకు. అందుకే పిల్లవాడిని పంపే ముందు పెద్దలు టీకా వేయించుకున్నారా అన్నది తేల్చుకోవాల్సిన మొదటి సంగతి.

తల్లిదండ్రులు బడిలో బల్లలు తుడుస్తున్నారా అని అడిగేవారు గాని, అడగాల్సింది కిటికీలు తెరుస్తున్నారా అని. ఈ వైరస్ ప్రధానంగా వ్యాపించేది గాలి ద్వారానే. నన్నడిగితే తరగతి గది కన్నా బడి ఆటోనే ఎక్కువ ప్రమాదం: ఒకరి ఒడిలో ఒకరు, వాన పడితే పక్కన పట్టా దించేసి మరీ. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం. మాస్కులు తీసేసి, ఎదురెదురుగా కూర్చుని కబుర్లు! పిల్లలను ఆరుబయట, ఎడంగా కూర్చోబెట్టి తినిపించిన బడికి నేనైతే నిశ్చింతగా పంపేవాణ్ణి.